పైన చోటు లేదు

"ఫోన్లో ఉన్నారమ్మా, కాసేపు కూర్చోండి" అన్నాడు అటెండరు, కూర్చున్నాను, కూర్చున్నాక గానీ తెలియలేదు ఈ బెంచీకి ఒక కాలు పొట్టి అని. ముందుకి వంగితే ఓ పక్కకి టక్, వెనక్కి వాలితే ఇంకో పక్కకి టక్. నాలుగు కాళ్ళ వస్తువులన్నీ ఇంతే, మూడు కాళ్ళ పీట అయితే ఏ నేల మీద పెట్టినా కదలదు, ఇది ఏటా పిల్లలకి నేనే చెబుతాను, పైగా ఈ లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అన్నట్టు చెబుతాను. టక్. గోడ గడియారంలో నాలుగూ అయిదు. అయిదింటికి వ్యాను వస్తుంది. మేం నలభైమంది టీచర్లం ఈ బళ్ళో కూర్చుని ఆరు రోజులుగా దిద్దిన లెక్కల పరీక్ష పేపర్లన్నీ కట్టలు కట్టి, ముడి మీద లక్క వేసి, ఆ వ్యానులో ఎక్కిస్తారు, ఆ తర్వాత వాటిని విప్పేవాడు ఉండడు. ఈలోగా నేను ఈ తలుపు అవతలున్న చీఫ్ ఎగ్జామినరు గారికి ఒక మాట చెప్పాలి, లేదా లేచి, కింద నా సంచీ తీసుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోవాలి. మాట పెద్దదేం కాదు. నేను తప్పు చేశాను, నలభైమంది చేతా చేయించాను. అంతే కదా, అయిదారు ముక్కలు.

ప్రశ్న పదిహేడోది, నాలుగు మార్కులది. ఏబీ ఎనిమిది సెంటీమీటర్లు, ఏ దగ్గర కోణం ముప్పై డిగ్రీలు, బీసీ అయిదు సెంటీమీటర్లు, త్రిభుజం నిర్మించండి. ఎంత పిల్లల ఆట. ఎనిమిది సెంటీమీటర్ల అడ్డగీత గియ్యి, ఎడమ కొసన కంపాసుతో అరవై డిగ్రీలు వేసి దాన్ని సగం చెయ్యి, అక్కణ్ణుంచి ఏటవాలుగా పైకి ఒక గీత లాగు, ఇప్పుడు కుడి కొసన కంపాసు ముల్లు గుచ్చి అయిదు సెంటీమీటర్ల దూరంలో పెన్సిలు తిప్పు, ఆ చాపం ఏటవాలు గీతని ఎక్కడ తాకితే అక్కడ మూడో మూల. అయిపోయింది. అయిపోయిందనే కదా నేనూ అనుకున్నాను. బీ నుంచి అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉండే బిందువులన్నీ కలిస్తే వృత్తం, అదే బిందుపథం, ఒక నియమానికి కట్టుబడి నడిచే చుక్క నడిచిన దారి, ఇరవై రెండేళ్ళుగా ఈ వాక్యం అనీ అనీ నాలుక మీద గాడి పడిపోయింది. ఆ వెంటనే ఇంకోటి కూడా అంటాను, దారి చివరిదాకా నడవండిరా, మొదటి మలుపులోనే పెన్సిలు ఎత్తేయకండి, ఇంకో చోట కూడా కలుస్తుందేమో చూడండి అని. చూడండి అని. చూశానా? ఆ చాపం ఆ గీతని ఒకచోట కాదు, రెండు చోట్ల కోస్తుంది. కింద ఒకచోట, ఏ నుంచి ఇంచుమించు నాలుగు సెంటీమీటర్ల దూరంలో. పైన ఒకచోట, ఇంచుమించు పది సెంటీమీటర్ల దూరంలో. చిన్న త్రిభుజం ఒకటి, పెద్ద త్రిభుజం ఒకటి. కొలతలు రెండిటికీ అవే. రెండూ సరైనవే.

స్కీములో, అంటే ఏ జవాబుకి ఎన్ని మార్కులు వెయ్యాలో పైనుంచి వచ్చే కాగితంలో, పెద్దదొక్కటే గీసి ఉంది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు, స్కీము తప్పు అని చేతులు దులుపుకునేదాన్ని. కానీ నాకు ఊరుకుంటే తోచదు. స్కీము చేతికిచ్చిన సాయంత్రం, దిద్దడం ఇంకా మొదలవకముందే, ఇంటికెళ్ళి, బట్టర్ పేపరు కొనుక్కుని, ఆ బొమ్మని దాని మీద నల్ల సిరాతో గీశాను, మూడు మూలలా కంపాసు ముల్లుతో సన్నటి బెజ్జాలు పెట్టాను. పిల్లవాడి బొమ్మ మీద ఈ కాగితం పరచడం, బెజ్జాలు మూలల మీద కూర్చుంటే నాలుగు, కూర్చోకపోతే సున్నా. స్కేలు అక్కర్లేదు, కోణమాని అక్కర్లేదు, రెండు క్షణాల పని. కుడిఎడమలు మార్చి గీసిన వాళ్ళకి కాగితం తిరగేస్తే సరి. ఒకటి చేసి ఊరుకున్నానా, ఇలాంటి ట్రేసింగులు టేబులుకొకటి చొప్పున ఎనిమిది చేసి, మర్నాడు తాంబూలంలా చేతిలో పెట్టి మరీ పంచాను. చీఫ్ గారు అందరి ముందూ చేతులు జోడించి "మేడమ్, మీరు మాకు రెండు రోజులు మిగిల్చారు" అన్నారు. ఆ పూట నేను భోజనం కూడా నిలబడే చేశాను, వచ్చి మెచ్చుకునేవాళ్ళకి సులువుగా ఉంటుందని కాబోలు. సిగ్గులేని మనిషిని.

టక్. అటెండరు నా వంక చూశాడు. కాళ్ళు ఊపడం మానేశాను. మానితే చేతులు మొదలయ్యాయి, కొంగు చివర చుట్టడం, విప్పడం. లోపల చీఫ్ గారు ఎవరితోనో నవ్వుతున్నారు, అబ్బే, మా దగ్గర అన్నీ సవ్యంగా అయిపోయాయండీ, ఒక్క కంప్లైంటు లేదు, అంటున్నారు. ఒక్క కంప్లైంటు లేదు. లేకపోవడమేం, ఉంది. మా టేబుల్లో కొత్తమ్మాయి ఉంది కదా, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ఎర్ర పెన్నుని గాజుపెంకులా పట్టుకుంటుంది, ట్రేసింగులు పంచిన రోజునే లేచి నిలబడి "మేడమ్, ఇది ట్రేసింగ్ కి సరిపోవట్లేదు, కానీ కొలిస్తే అన్నీ కరెక్టుగానే వస్తున్నాయి" అంది. నేను తలెత్తను కూడా లేదు. "కాగితానికి సరిపోనిది కొలతకెలా సరిపోతుందమ్మా, నీ స్కేలు ఏ తిరునాళ్ళలో కొన్నావు?" అన్నాను. హాలంతా నవ్వు. నవ్వింది కూడా ఆ పిల్ల, నవ్వక ఏం చేస్తుంది, అందరితో పాటు నవ్వి కూర్చుని సున్నా వేసింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు చచ్చిపోతోంది. అప్పుడు మాత్రం నాకు నోరు భలే తిరుగుతుందే అనుకున్నాను.

అసలు నాకు తెలిసిందెప్పుడు? మూడున్నరకి. ఆఖరి కట్టలో ఆఖరి పేపరు. ఎవరిదో, ఆడపిల్లో మగపిల్లాడో, పేరుండదు కదా, నంబరే. పదహారో జవాబు పేజీ సగం దాటి సాగింది, దాని కింద రెండు వేళ్ళ మేర చోటు మిగిలితే అందులోనే పదిహేడు మొదలుపెట్టాడు. లేక పెట్టింది. అడ్డగీత ఉంది, ఏటవాలు గీత ఉంది, అది పైన రాసిన జవాబు అక్షరాల్లోకి దూసుకుపోయింది, చాపం కూడా ఆగకుండా అక్షరాల మీదికి పాకింది, చాలా సన్నగా, ఊదితే చెరిగిపోయేట్టు. కింద మాత్రం చిన్న త్రిభుజం, నొక్కి గీసింది, స్పష్టంగా. పక్కన ఇలా రాసి ఉంది: పైన కూడా కలుస్తోంది. పైన చోటు లేదు. అందుకని కింద దాన్ని తీసుకున్నాను. ట్రేసింగ్ పరిచాను, కుదరలేదు, సున్నా వేశాను, చోటు లేకపోతే ఇంకో పేజీ తిప్పలేకపోయావా సన్నాసీ అని కూడా అనుకున్నాను. కట్ట కట్టాను. పంపు దగ్గర చేతులు కడుక్కున్నాను. ఎర్ర సిరా గోళ్ళలోంచి పోదు, రుద్దుతున్నాను, పైన కూడా కలుస్తోంది, రుద్దుతున్నాను, పైన కూడా, కూడా ఏమిటి, కూడా అంటే, పంపు కట్టడం మర్చిపోయాను, నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నాయి, నా చెయ్యి గాలిలోనే చాపం గీస్తోంది. నలభైమంది లెక్కల మనుషులం, ఆరు రోజులు, ఒక్కళ్ళమూ బొమ్మ చూడలేదు, అందరం బెజ్జాలు చూశాం.

నాలుగూ ఇరవై. ఎంతమంది ఉంటారు? మనిషికి రోజుకి ముప్పై అయిదు పేపర్లు, నలభైమంది, ఆరు రోజులు, ఎనిమిదివేల నాలుగు వందలు. పదికి ఒకరు కింద దాన్ని గీశారనుకుంటే ఎనిమిది వందల నలభై. తలకి నాలుగు మార్కులు. నాలుగు మార్కులు ఓ లెక్కా అంటుంది ఒక నోరు, ముప్పై రెండు దగ్గర ఆగినవాణ్ణి అడుగు అంటుంది ఇంకో నోరు, రెండూ నావే. స్కీము తప్పు కదా, దాన్ననరేం? నిజమే, అనొచ్చు. కానీ స్కీము చివర ఒక వాక్యం ఉంటుంది, ఏటా ఉంటుంది, ఏటా ఎవరూ చదవరు, ఇతర సరైన జవాబులకూ పూర్తి మార్కులు ఇవ్వవలెను అని. ఇతర. నాకు ఇతర అంటే ఏనాడూ పడలేదు. పప్పు కడగడం నుంచి పక్క మడత దాకా నాదే పద్ధతి. మా ఆయన అంటాడు, "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నాలుగో కాలు కనబడితే కుందేలుదే తప్పు" అని. అన్నప్పుడల్లా నవ్వుతాను. ఇప్పుడాయన ఇక్కడుంటే, పద ఇంటికి పోదాం, ఎవరికి తెలుస్తుంది అంటాడా? అనడు. అందుకే ఫోన్ చెయ్యట్లేదు. ఎవరైనా పోదాం పద అంటే బావుణ్ణు. అంటే లేచేదాన్ని.

లేచాను కూడా. "వెళ్తున్నారామ్మా?" అన్నాడు అటెండరు. "లేదు, కాళ్ళు పట్టేశాయి" అన్నాను. మెట్ల దాకా నడిచాను, కింద హాల్లోంచి బెంచీలు జరుపుతున్న చప్పుడు, సంచుల జిప్పులు, ఎవరో బస్సు టైము అడుగుతున్నారు, ఎవరో కూతురికి ఫోన్లో ఆరింటికల్లా వచ్చేస్తానే అంటున్నారు. ఆరు రోజులు ఒకే భంగిమలో కూర్చుని నడుములు పడిపోయిన మనుషులు. ఇప్పుడు వెళ్ళి, కట్టలన్నీ విప్పండి, ఎనిమిది వేల పేపర్లలో పదిహేడో ప్రశ్న మళ్ళీ చూడండి అనాలి. కళ్ళతోనే చీల్చేస్తారు. రేపటి నుంచి ఏ బడికెళ్ళినా, ఓహో, ఆ బెజ్జాల మేడమ్ మీరేనా అంటారు. మళ్ళీ వెనక్కి వచ్చాను. కాలు కాలిన పిల్లిలా ఈ వరండాలో మెట్ల నుంచి బెంచీకి, బెంచీ నుంచి మెట్లకి. రెండు చుక్కలకి సమాన దూరంలో నడిచే చుక్క దారి ఏది పిల్లలూ? రెండిటి మధ్యా నిలువుగా సాగే గీత. ఎంత దూరం పోతుంది? ఎంత దూరమైనా పోతుంది టీచర్. రెండిట్లో దేన్నైనా చేరుతుందా? చేరదు టీచర్.

మా మాస్టారు. ఇంతసేపూ ఆయన్ని మనసులోకి రానివ్వకుండా తలుపు అదిమి పట్టాను, వచ్చేశాడు. సుద్దముక్కల మాస్టారు అనేవాళ్ళం, జేబు నిండా సుద్దముక్కలే, తెల్ల చొక్కా మీద తెల్ల మరకలు. బోర్డు మీద వాడే చెక్క కంపాసుకి కాలు విరిగితే దారం కట్టి సుద్దతో వృత్తం వేసేవాడు, మొదలెట్టిన చోటికే వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి కలిసేది. నాకప్పుడు పదమూడేళ్ళు. ఒకదాన్నొకటి కోసుకునే రెండు గీతలకి సమాన దూరంలో ఉండే బిందువుల దారి గీయమన్నాడు. అందరూ కోణం మధ్య నుంచి ఒక గీత గీశారు. నేను రెండు గీశాను, పక్క కోణం మధ్య నుంచి కూడా, ఎందుకంటే అక్కడి చుక్కలు కూడా సమాన దూరంలోనే ఉన్నాయి, కొలిచాను, మళ్ళీ కొలిచాను. రెండో గీతని ఎర్రగా కొట్టేసి అనవసరం అని రాశాడు. పుస్తకం పట్టుకుని వెళ్ళాను. చూశాడు. చాలాసేపు చూశాడు. "వెళ్ళి కూర్చో" అన్నాడు. రెండేళ్ళ తర్వాత బడి వదిలి వెళ్ళే రోజున గేటు దగ్గర నన్ను ఆపి, "ఆ రెండో గీత సరైనదేనమ్మా, నాకప్పుడే తెలుసు, నలభైమంది ముందు ఎలా చెప్పను?" అన్నాడు. ఆ మాటతో ఆయన మనసు తేలికపడి ఉంటుంది. నా మనసు ఆ రోజు విరిగింది. కొట్టేసినందుకు కాదు, అప్పుడే తెలుసు అన్నందుకు. ఆ కోపంతోనే లెక్కలు చదివాను, ఆ కోపంతోనే టీచరునయ్యాను, ఆయన పోయాడని తెలిసినప్పుడు కూడా, పాపం అని పైకి అని, లోపల అనవసరం అనుకున్నాను. ఇప్పుడు ఆయన వచ్చి ఈ పొట్టి కాలి బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. ఏమమ్మా, కష్టమే కదా అంటున్నాడు. కష్టమే మాస్టారూ. ఇంత కష్టమని నాకు తెలియదు. మీరంటే నాకు కోపం పోవడం లేదు, కానీ మీ కాళ్ళు ఆ రోజు ఎందుకు కదల్లేదో తెలుస్తోంది, తెలియకుండా ఉంటే బావుండేది.

నాలుగూ నలభై. గేటు దగ్గర హారన్. వ్యాను ముందే వచ్చింది. అటెండరు లేచి కిటికీలోంచి చూసి, "ఇంకా టైముందిగా, వీడికేం తొందర" అన్నాడు. తలుపు తెరుచుకుంది. చీఫ్ గారు చేతిలో లక్క ముద్ర పట్టుకుని బయటికొచ్చారు. "ఇంకా వెళ్ళలేదా మేడమ్? ఏమిటి, అలా ఉన్నారు?" అన్నారు. ఏమీ లేదు సార్, వెళ్ళొస్తానని చెబుదామని, ఈ వాక్యం తయారుగా ఉంది, నాలుక చివర కూర్చుని ఉంది. నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "పదిహేడో ప్రశ్నకి రెండు జవాబులున్నాయి సార్. రెండోదానికి మనం సున్నాలు వేశాం."

ఆయన అక్కడే, అటెండరు స్టూలు మీద కాగితం పెట్టి, నేను గీస్తుంటే చూశారు. చాపం రెండోసారి గీతని కోసినప్పుడు కళ్ళజోడు తీశారు. "స్కీములో ఒకటేగా ఉంది?"

"చివరి లైను చదవండి సార్."

చదవలేదు, ఆయనకీ నోటికొచ్చు. "మీ టేబులొక్కటేనా?"

"ఎనిమిదీ. ట్రేసింగులు నావే కదా."

"వ్యాను గేట్లో ఉంది మేడమ్."

"విన్నాను సార్."

ఆయన లక్క ముద్రని జేబులో పెట్టేసుకున్నారు. "పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను, తిట్లు నాకు అలవాటే. కిందవాళ్ళకి మాత్రం మీరే చెప్పుకోవాలి. నావల్ల కాదు."

హాల్లోకి వెళ్ళేసరికి అందరి సంచులూ భుజాల మీద ఉన్నాయి. మాటలతో చెబితే ఎవరూ ఆగరని తెలుసు, అందుకే నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళాను. చెక్క కంపాసు ఎక్కడుందో ఎవరికి తెలుసు, కట్టలు కట్టే పురికొస ఒకటి తీసుకుని సుద్దముక్కకి ముడి వేశాను. బోర్డు పైభాగాన ఆరు రోజుల నాటి చీఫ్ గారి రాత: ఆఖరి రోజు సాయంత్రం అయిదింటికి కట్టలు అప్పగించవలెను. దాన్ని చెరపలేదు. కింద ఎనభై సెంటీమీటర్ల అడ్డగీత గీశాను, ముప్పై డిగ్రీల కోణం పురికొసతోనే కట్టాను, ఏటవాలు గీత చీఫ్ గారి అక్షరాల్లోకి పోయింది, పోనిచ్చాను. కుడి కొసన బొటనవేలితో పురికొసని అదిమి, యాభై దగ్గర సుద్ద పట్టుకుని, కింది నుంచి మొదలుపెట్టాను. సుద్ద ఏటవాలు గీతని తాకింది. ఆగాను. వెనక నుంచి, "ఇదేం బొమ్మ మేడమ్, మన బొమ్మ కాదే" అన్నారెవరో, "బస్సు పోతుంది బాబూ" అన్నారు ఇంకెవరో. మళ్ళీ కదిలాను. పురికొసని బిగువుగా లాగి పట్టాను. సుద్ద పైకి పాకింది, అక్షరాల మీదికి ఎక్కింది, అయిదింటికి అన్న మాట దగ్గర గీతని రెండోసారి కోసింది. అక్కడ చుక్క పెట్టాను. కిందా చుక్క పెట్టాను. వెనక్కి తిరిగాను. ఒక సంచీ కింద పెట్టిన చప్పుడైంది, తర్వాత ఇంకోటి.

"తప్పు నాది" అన్నాను. "మొదటి రోజు నుంచీ."

తిట్టారు. తిట్టక ముద్దు పెట్టుకుంటారా. ఒకాయన బల్ల మీద చరిచాడు, ఒకావిడ ఫోన్లో ఆరింటికి రావట్లేదే అంటూ నన్నే చూసింది. "ఎనిమిది వేల పేపర్లు మళ్ళీ తిరగెయ్యాలా? ఎలా పట్టుకుంటామండీ వాటిని?" అని అరుస్తున్నారు, నిలబడి విన్నాను. ఆ గోలలోనే మా టేబుల్ నుంచి కొత్తమ్మాయి లేచి, నా దగ్గరికి వచ్చి, మడతపెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది. రెండు పక్కలా నంబర్లు, చీమ తలకాయంత అక్షరాల్లో, కాగితం చాలక అంచుల వెంట నిలువుగా కూడా.

"ఏమిటమ్మా ఇది?"

"మన టేబుల్లో సరిపోలేదని సున్నా వేసినవి మేడమ్. కొలతలు కరెక్టుగా ఉన్నవి మాత్రమే. కట్ట నంబరూ, పేపరు నంబరూ."

"ఆరు రోజులూ రాసుకున్నావా? మరి నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

ఆ పిల్ల కోపంగా అనలేదు, నెమ్మదిగానే అంది. "చెప్పాను కదా మేడమ్. మొదటి రోజే."

అవును, చెప్పింది. నేను బల్ల దగ్గర కూర్చుని, మొదటి కట్ట ముడిని కంపాసు ముల్లుతో విప్పాను, కాగితాన్ని వెలుతురులోకి తిప్పి మొదటి నంబరు పైకి చదివాను.